ఇంట్యూబేషన్ ఎందుకు కుదరడం లేదు? అనస్థీషియాలో కొత్తగా చేరిన పీజీకి నా జవాబు

మీరు అడిగినదాన్ని, చదివే మిగతావాళ్ళ కోసం, ముందు క్లుప్తంగా చెప్తాను. అనస్థీషియా పీజీలో చేరి ఆరు వారాలైంది. ఇంట్యూబేషన్‌కి, అంటే శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడానికి, ప్రయత్నించిన కేసుల్లో సగం కుదరడం లేదు. "ఎపిగ్లాటిస్ కనిపిస్తుంది, దాని వెనక ఏమీ కనిపించదు. ఈలోపు సీనియర్ నా చేతిలోంచి లారింగోస్కోప్ లాక్కుంటారు" అని రాశారు. (ఎపిగ్లాటిస్ అంటే శ్వాసనాళం ద్వారం మీది మూతలాంటి భాగం, లారింగోస్కోప్ అంటే నాలుకని ఎత్తి గొంతు లోపల చూపించే బ్లేడున్న పరికరం.) మొన్న ఒక పెద్దాయనకి పై పన్ను కదిలిందని, రెండు రోజులు గొంతు బొంగురుపోయిందని బాధపడ్డారు. చెయ్యి తిరగడానికి ఎన్నాళ్ళు పడుతుంది, ఏ కాంప్లికేషన్లకి నిజంగా భయపడాలి అన్నవి మీ ప్రశ్నలు.

సగం కుదురుతున్నాయంటే బెంగపడాల్సిందేమీ లేదు. కొత్తవాళ్ళు పదింట తొమ్మిదిసార్లు ట్యూబ్ సరిగ్గా వేసే స్థాయికి రావడానికి సగటున 50కి పైగా కేసులు పడతాయని అధ్యయనాల్లోనే తేలింది. చెయ్యి సంగతి వదిలేయండి, అదే తిరుగుతుంది. మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది వేరే విషయం. ఎన్నిసార్లు ప్రయత్నించారో రాశారు, ఏ బ్లేడ్ వాడారో రాశారు, సీనియర్ మొహం ఎలా పెట్టారో కూడా రాశారు. ఆ సమయంలో శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఎంత ఉందో ఒక్కచోట కూడా లేదు.

ట్యూబ్ వేయడమే మన పని అనుకుంటాం. అసలు పని ఊపిరితిత్తులకి ఆక్సిజన్ అందించడం. ట్యూబ్ అందుకు ఒక దారి. మాస్క్ ఒకటి, గొంతులో స్వరపేటిక మీద కూర్చునే ఎల్ఎంఏ ఒకటి, గొంతు ముందు నుంచి కోసి వెళ్ళడం ఆఖరిది. ఇది బుర్రలో దిగితే మీ చేతి వణుకు కూడా సగం తగ్గుతుంది.

లెక్క చూడండి. మామూలుగా ఊపిరి వదిలాక పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల్లో సుమారు 2.5 లీటర్ల గాలి మిగులుతుంది. మామూలు గాలి పీలుస్తున్న మనిషికి అందులో ఆక్సిజన్ వాటా ఐదో వంతు కూడా ఉండదు. శరీరం నిమిషానికి దాదాపు 250 మిల్లీలీటర్లు వాడేస్తుంది. అంటే మత్తిచ్చి కండరాలు సడలించాక ఒకటి రెండు నిమిషాల్లో శాచురేషన్ జారడం మొదలవుతుంది. అదే ముందుగా మూడు నిమిషాలు నూరు శాతం ఆక్సిజన్ పీలిస్తే ఆ నిల్వ 2 లీటర్లు దాటుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి 8 నిమిషాల దాకా వెసులుబాటు దొరుకుతుంది. బాగా ఊబకాయం ఉన్నవాళ్ళకి అది మూడు నిమిషాలకి పడిపోతుంది. నిండు గర్భిణికి, పసిపిల్లలకి కూడా అంతే, ఇంకా తక్కువ కూడా కావచ్చు.

అందుకే ఇలా ముందే ఆక్సిజన్ నింపడాన్ని, అంటే ప్రీఆక్సిజనేషన్‌ని, తంతులా చేయకండి. మాస్క్‌ని మొహానికి రెండంగుళాల ఎత్తున పట్టుకుని, పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూ "ఆక్సిజన్ పెట్టాను సార్" అనే పీజీలని నేను రోజూ చూస్తాను. మాస్క్ అంచు చర్మానికి ఆనాలి, బ్యాగ్ ఊపిరితో పాటు కదలాలి, మానిటర్లో బయటికి వచ్చే ఆక్సిజన్ 90 శాతం దగ్గరికి రావాలి. మంచం తల వైపు కాస్త ఎత్తితే ఇంకా మంచిది.

ఇక "ఎపిగ్లాటిస్ వెనక ఏమీ కనిపించదు" అన్న సంగతి. పది కేసుల్లో ఏడెనిమిది సార్లు తప్పు బ్లేడ్ నోట్లోకి వెళ్ళకముందే జరిగిపోయి ఉంటుంది, దిండు దగ్గర. పక్కకి వచ్చి పేషెంట్‌ని ఒకసారి పక్క నుంచి చూడండి. చెవి రంధ్రం, ఛాతీ ఎముక పైనున్న గుంట, ఈ రెండూ ఒకే మట్టంలో ఉన్నాయా? లేకపోతే తల కింద దిండు పెంచండి. లావుపాటి మనిషికి ఒక్క తల ఎత్తితే చాలదు. వీపు, భుజాలు, తల కలిపి దుప్పట్లతో వాలుగా పేర్చాలి. టేబుల్ మీ రొమ్ము ఎముక కింది చివర దాకా రావాలి. నడుం వంచి నోట్లోకి తొంగి చూస్తున్నారంటే టేబుల్ కిందికి ఉందని అర్థం. పెద్ద విషయాల్లా కనిపించవు గానీ నేను "నువ్వు ఆగు, నేను చూస్తా" అని లారింగోస్కోప్ తీసుకున్న కేసుల్లో చాలావాటిలో నేను చేసిందల్లా దిండు సర్దడమే.

బ్లేడ్ నోటి కుడి మూల నుంచి పెట్టి, నాలుకనంతా ఎడమకి నెట్టుకుంటూ మధ్యకి రావాలి. నాలుకలో ఏ కాస్త కుడివైపు వేలాడినా అది మీకు కర్టెన్లా అడ్డొస్తుంది. ఎపిగ్లాటిస్ కనబడగానే మీరు లేపడం మొదలుపెడుతున్నారని నా అనుమానం. ఆగండి. బ్లేడ్ కొస నాలుక మొదలుకీ ఎపిగ్లాటిస్‌కీ మధ్యనున్న గుంటలోకి పూర్తిగా దిగాలి. ఆ గుంట అడుగున ఎపిగ్లాటిస్‌ని పట్టి ఉంచే సన్నటి లిగమెంట్ ఒకటి ఉంటుంది. దాని మీద కొస ఆనితే ఎపిగ్లాటిస్ తలుపు గొళ్ళెం తీసినట్టు దానంతటదే పైకి లేస్తుంది. అర సెంటీమీటరు వెనక ఉంటే ఎంత బలం పెట్టినా లేవదు, బలం మాత్రం పంటి మీదికి వెళ్తుంది. మీ పెద్దాయన పన్ను అలాగే కదిలి ఉంటుంది. లేపేటప్పుడు మణికట్టు వంచకూడదు. ఎదురుగోడ, పైకప్పు కలిసే మూల వైపు పిడిని తోయండి. 1943లో మకింటాష్ తన వంపు బ్లేడ్‌ని తెచ్చింది ఇందుకే, ఎపిగ్లాటిస్‌ని నేరుగా ఎత్తకుండా దాని మొదలుని కదిపితే చాలునని.

అప్పటికీ కనిపించకపోతే మీ కుడిచెయ్యి ఖాళీగానే ఉందిగా, దాంతో బయట నుంచి థైరాయిడ్ కార్టిలేజ్‌ని (గొంతు ముందు చేతికి తగిలే ముడి) వెనక్కి, కొంచెం పైకి నొక్కుతూ జరిపి చూడండి. కార్డ్స్ (స్వరతంత్రులు, ట్యూబ్ వెళ్ళాల్సింది వాటి మధ్యకే) ఎక్కడ కనబడితే అక్కడ అసిస్టెంట్ వేళ్ళు పెట్టించండి. "కాస్త నొక్కు సిస్టర్" అని చెప్పి వదిలేస్తే ఆవిడకి ఎటు నొక్కాలో ఏం తెలుస్తుంది?

ఎపిగ్లాటిస్ మాత్రమే కనిపిస్తోందంటే కార్మాక్, లెహేన్ 1984లో రాసిన గ్రేడుల్లో అది మూడోది. అక్కడ మీ నేస్తం బూజీ, ట్యూబ్‌కి దారి చూపే సన్నటి పొడవాటి కడ్డీ. దాని వంగిన కొసని ఎపిగ్లాటిస్ కింద నుంచి, మధ్యలోనే ఉంచుతూ పంపండి. శ్వాసనాళంలోకి వెళ్తే ముందువైపు రింగుల మీద గీరుకుంటూ టకటకమని వేళ్ళకి తెలుస్తుంది. అన్నవాహికలో అయితే వెన్నలో దిగినట్టు మెత్తగా పోతూనే ఉంటుంది. లోపల ఎక్కడో ఆగుతుందేమో చూద్దామని గట్టిగా పొడవకండి, నాళానికి గాయమవుతుంది. బూజీ మీద ట్యూబ్ జార్చేటప్పుడు కొత్తవాళ్ళు లారింగోస్కోప్ తీసేస్తారు. తీయొద్దు. నాలుకని ఎత్తి ఉంచితేనే ట్యూబ్ సాఫీగా జారుతుంది. కార్డ్స్ దగ్గర తట్టుకుంటే కాస్త వెనక్కి లాగి, గడియారానికి ఎదురుదిశలో పావు చుట్టు తిప్పి మళ్ళీ తోయండి.

వీడియో లారింగోస్కోప్ ఉంటే దాంతోనే మొదలుపెట్టండి. మొదటి ప్రయత్నంలోనే ట్యూబ్ పడే అవకాశం దాంతో ఎక్కువని ఇప్పుడు గట్టి ఆధారాలున్నాయి. "అలవాటైతే మామూలు బ్లేడ్ రాదు" అనే సీనియర్లు ఉంటారు, వాళ్ళతో వాదన అనవసరం, రెండూ నేర్చుకోండి. కానీ దానికీ ఒక మాయ ఉంది. స్క్రీన్ మీద కార్డ్స్ సినిమాలా కనిపిస్తాయి, ట్యూబ్ మాత్రం వాటి దాకా చేరదు. బాగా వంపున్న బ్లేడ్ అయితే ట్యూబ్‌కీ స్టైలెట్‌తో (లోపల పెట్టే, వంచగలిగే తీగ) అదే వంపు ఇవ్వాలి. ఇంకోటి, స్క్రీన్ చూస్తూ ట్యూబ్‌ని గుడ్డిగా తోసి అంగుడుకి, టాన్సిల్ పక్కన చిల్లు పెట్టిన కేసులున్నాయి. ట్యూబ్ కొస నోట్లోంచి మాయమయ్యేదాకా నోటినే చూడండి, ఆ తర్వాతే స్క్రీన్.

ఇప్పుడు అసలు భయపడాల్సిన విషయం. నేను పీజీ రెండో ఏడాదిలో ఉండగా, అర్ధరాత్రి అపెండిక్స్ కేసు. పాతికేళ్ళ కుర్రాడు. కార్డ్స్ సగమే కనిపించాయి, ట్యూబ్ వాటి మధ్యకి వెళ్ళడం నా కళ్ళతో చూశాననుకున్నాను. బ్యాగ్ నొక్కితే ఛాతీ లేచినట్టే ఉంది. స్టెతస్కోప్‌లో శబ్దం వినపడింది. ట్యూబ్ లోపల ఆవిరి కూడా పట్టింది. టెక్నీషియన్ మెల్లగా "సార్, గ్రాఫ్ రావట్లేదు" అన్నాడు. బయటికొచ్చే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ని చూపించే గ్రాఫ్ అది. "లైన్లో నీళ్ళు చేరి ఉంటాయి, మార్చు" అన్నాను. మార్చాడు. రాలేదు. శాచురేషన్ 98. నేను టేపు అంటిస్తున్నాను. 94. "మెషీన్ చూడు" అన్నాను. 88. అప్పుడు సీనియర్ లోపలికొచ్చారు. పేషెంట్‌ని చూడలేదు, నన్ను చూడలేదు, మానిటర్ ఒక్కటే చూసి ట్యూబ్ పీకేసి మాస్క్ పెట్టారు. రెండు నొక్కులకి గ్రాఫ్ లేచింది. కుర్రాడికి ఏమీ కాలేదు. ఆయన తిట్టలేదు. "లైన్ మార్చడానికి ఎంతసేపు పట్టింది?" అని మాత్రం అడిగారు.

ట్యూబ్ అన్నవాహికలో ఉన్నా బాగా ప్రీఆక్సిజనేట్ చేసిన పేషెంట్‌కి శాచురేషన్ వెంటనే పడదు. ఆ నిమిషాలు మనల్ని జోకొడతాయి. ఛాతీ కదలిక, శబ్దం, ఆవిరి, కళ్ళతో చూడడం, అన్నీ మోసం చేస్తాయి. కార్బన్ డయాక్సైడ్ గ్రాఫ్ చెప్పినంత నిక్కచ్చిగా ఇంకేదీ చెప్పదు. ఒకటి రెండు అలలు వచ్చి చచ్చిపోతే అది లెక్కలోకి రాదు, మాస్క్‌తో నొక్కినప్పుడు పొట్టలోకి వెళ్ళిన గాలి కూడా అలా చూపిస్తుంది. కనీసం ఏడు శ్వాసల పాటు అలలు తగ్గకుండా రావాలని 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. గుండె ఆగిన పేషెంట్‌కి సీపీఆర్ సరిగ్గా నడుస్తుంటే కూడా చిన్నదైనా అల వస్తుంది. కాబట్టి గీత నేలబారుగా ఉంటే ముందు ట్యూబ్ తప్పు చోట ఉందనుకోండి, మెషీన్ మీద అనుమానం తర్వాత. లోపలే ఉందని వెంటనే రుజువు చేయలేకపోతే తీసేయండి. తీసి మాస్క్‌తో ఊపిరి ఇస్తే పోయేదేమీ లేదు.

రెండోది, ఎక్కడ ఆపాలో తెలియకపోవడం. బ్రిటన్లోని డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ 2015 మార్గదర్శకాల ప్రకారం లారింగోస్కోపీ మూడుసార్లే, చెయ్యి తిరిగినవాళ్ళు వస్తే ఇంకొక్కసారి. ఆ తర్వాత ఎల్ఎంఏ లాంటిది. అదీ కుదరకపోతే మాస్క్. ఏదీ కుదరకపోతే మెడ ముందు నుంచి. ప్రతి ప్రయత్నానికీ గొంతు వాస్తుంది, రక్తం చేరుతుంది. మొదటిసారి తేలిగ్గా నడిచిన మాస్క్ కూడా నాలుగోసారికి మొండికేస్తుంది. అందుకే రెండో ప్రయత్నం మొదటిదానిలాగే ఉండకూడదు. దిండు మార్చాలి, బ్లేడ్ మార్చాలి, బూజీ తీసుకోవాలి, లేదా మనిషే మారాలి. మీ సీనియర్ లారింగోస్కోప్ లాక్కోవడం అదే. మనసు కష్టపెట్టుకోకండి.

2005లో ఇంగ్లండులో ఒక మామూలు సైనస్ ఆపరేషన్ కోసం మత్తిచ్చిన మహిళ విషయంలో ఇదే జరిగింది. అనుభవమున్న డాక్టర్లు ముగ్గురు గదిలో ఉన్నారు. ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయి ఉండగానే నిమిషాల తరబడి ట్యూబ్ కోసమే ప్రయత్నించారు. ఒక నర్సు ట్రాకియాస్టమీ (మెడ ముందు నుంచి శ్వాసనాళానికి దారి చేయడం) సెట్ తెచ్చి సిద్ధంగా ఉందని చెప్పింది కూడా, ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆమె కొన్ని రోజుల తర్వాత చనిపోయింది. భర్త మార్టిన్ బ్రోమిలీ పైలట్. ఎవరి మీదా పగ పట్టకుండా, విమానాల్లో కాక్‌పిట్ సిబ్బందికి నేర్పినట్టు ఆపరేషన్ థియేటర్లలో కూడా నేర్పాలని ఆయన తిరిగాడు. చేతిలో పని మీద చూపు బిగుసుకుపోతే గడియారం కనిపించదు. అందుకే నేను ప్రతి కేసులోనూ ఒకరికి ముందే చెప్పిపెడతాను, "శాచురేషన్ 92కి వస్తే గట్టిగా చెప్పు, నేను ఆపేస్తాను" అని. చెప్పింది నర్సయినా, టెక్నీషియనైనా, ఆపాల్సిందే.

మెడ ముందు నుంచి వెళ్ళడం గురించి చాలామంది పీజీలు చదివి వదిలేస్తారు. పరికరాలు మూడే: 10వ నంబరు స్కాల్పెల్, బూజీ, కఫ్ (కొస దగ్గర గాలి నింపే బెలూన్) ఉన్న 6.0 ట్యూబ్. థైరాయిడ్, క్రైకాయిడ్ కార్టిలేజ్‌ల మధ్య వేలికి తగిలే మెత్తటి పొర, అక్కడే కోత. రేపటి నుంచి ప్రతి పేషెంట్ మెడ మీద మత్తుకి ముందే ఆ చోటుని వేలితో వెతకండి. లావు మెడల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, ఆ పొర మనం అనుకున్న చోట దొరకదని అప్పుడే అర్థమవుతుంది.

ముందే పసిగట్టలేమా అంటే, కొంతవరకే. నోరు మూడు సెంటీమీటర్ల కంటే తక్కువ తెరుచుకోవడం, చిన్న గడ్డం, మెడ వెనక్కి వంగకపోవడం, మెడకి రేడియేషన్ తీసుకుని ఉండడం, 1985 నుంచి వాడుతున్న మల్లంపాటి పరీక్షలో (నోరు తెరిపించి గొంతు వెనక ఎంత కనిపిస్తుందో చూసేది) మూడు, నాలుగు తరగతులు, అన్నీ చూడాలి. అయినా డెన్మార్క్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో కష్టమైన ఇంట్యూబేషన్లలో 93 శాతం ముందు ఊహించనివే. అందుకని పరీక్షలు మానేయమని కాదు, పరీక్ష బాగుందని ఎల్ఎంఏ బయట పెట్టుకోకుండా మొదలుపెట్టొద్దు. నా మటుకు నాకు మల్లంపాటి కంటే రెండు ప్రశ్నలు ముఖ్యం. పాత అనస్థీషియా రికార్డులో ఏముంది? మాస్క్‌తో ఊపిరి అందుతుందా? గడ్డం గుబురుగా ఉండి, పళ్ళు లేక, గురకతో, లావుగా ఉన్న మనిషికి ట్యూబ్ కంటే ముందు మాస్కే ఏడిపిస్తుంది.

ట్యూబ్, మాస్క్ రెండూ కష్టమయ్యేలా ఉంటే పేషెంట్ మెలకువగా ఉండగానే ట్యూబ్ వేయాలి. గొంతుకి లిగ్నోకైన్ (తిమ్మిరెక్కించే మందు) పట్టించి, ఫైబర్ స్కోప్ మీద నుంచి జార్చడం. పేషెంట్ తన ఊపిరి తనే తీసుకుంటుంటాడు కాబట్టి మనకి తొందర ఉండదు. భయంకరంగా వినిపిస్తుంది గానీ, మెల్లగా, మాట్లాడుతూ చేస్తే చాలామంది బాగానే ఓర్చుకుంటారు. ఇది మీరిప్పుడే చేయక్కర్లేదు, చేసేటప్పుడు పక్కన నిలబడి చూడండి.

పొట్ట నిండుగా ఉన్న కేసుల సంగతి వేరు, వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళడం అక్కడ పెద్ద భయం. సెల్లిక్ 1961లో చెప్పిన క్రైకాయిడ్ ఒత్తిడి (క్రైకాయిడ్‌ని నొక్కి వెనకున్న అన్నవాహికని మూయడం) ఇప్పటికీ చాలాచోట్ల వాడతారు. దానివల్ల ఎంత లాభమన్న దాని మీద వాదనలున్నాయి. కార్డ్స్ కనిపించకుండా అది అడ్డొస్తే మాత్రం తీయించేయండి. సక్షన్ (నోట్లో చేరినదాన్ని లాగేసే గొట్టం) దిండు కింద, ఆన్ చేసి ఉండాలి. కట్టేసి గోడకి వేలాడుతున్న సక్షన్ ఎవరికీ పనికిరాదు.

చిన్నవాటి సంగతి త్వరగా చెప్తాను. గొంతు నొప్పి, బొంగురు ఎక్కువమందికి రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. కఫ్ ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటిమట్టం మధ్య ఉండేలా మానోమీటర్‌తో చూడండి, బెలూన్‌ని వేలితో నొక్కి అంచనా వేయడం నమ్మదగింది కాదు. బొంగురు వారాలు దాటితే ఈఎన్‌టీకి చూపించాలి, ఎరిటినాయిడ్ (కార్డ్‌ని కదిపే చిన్న కార్టిలేజ్) తొలగి ఉండొచ్చు, కార్డ్‌కి గాయమై ఉండొచ్చు. పన్ను ఊడితే ముందు అది ఎక్కడుందో వెతకండి. దొరక్కపోతే ఛాతీ ఎక్స్‌రే తీయాల్సిందే. ట్యూబ్ మరీ లోపలికి వెళ్తే కుడి బ్రాంకస్‌లోకి (కుడి ఊపిరితిత్తికి వెళ్ళే గొట్టం) దిగుతుంది, అది ఎడమదాని కంటే నిట్టనిలువుగా ఉంటుంది కాబట్టి. పళ్ళ దగ్గర ఆడవాళ్ళకి సుమారు 21, మగవాళ్ళకి 23 సెంటీమీటర్లు. పేషెంట్ తల వంచితే ట్యూబ్ లోపలికి, ఎత్తితే బయటికి జరుగుతుంది. కాబట్టి పొజిషన్ మార్చిన ప్రతిసారీ మళ్ళీ వినాలి. లారింగోస్కోప్ తగలగానే బీపీ, నాడి ఎగబాకుతాయి, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి అది చిన్న విషయం కాదు. చిన్నపిల్లల్లో మాత్రం తరచుగా నాడి పడిపోతుంది, దానికి చాలాసార్లు కారణం ఆక్సిజన్ చాలకపోవడమే.

ఇక ట్యూబ్ తీయడం. దీని గురించి మీరు అడగలేదు, ఎవరూ అడగరు. ఎయిర్‌వే ప్రమాదాల మీద 2011లో బ్రిటన్లో వచ్చిన పెద్ద నివేదికలో సుమారు మూడో వంతు ఘటనలు మత్తు దిగేటప్పుడో, రికవరీలోనో జరిగినవే. సగం మెలకువలో తీస్తే కార్డ్స్ బిగుసుకుపోతాయి. అప్పుడు గాలి శబ్దం కూడా రాకపోవచ్చు, ఛాతీ మాత్రం లోపలికి గుంజుకుంటుంది. దవడ ముందుకి లాగి, నూరు శాతం ఆక్సిజన్‌తో మాస్క్ బిగించి ఒత్తిడి ఇవ్వండి. విడవకపోతే కాస్త మత్తు మందు ప్రొపోఫాల్, అప్పటికీ లేకపోతే కండరాలు సడలించే సక్సమిథోనియం. పళ్ళ మధ్య అడ్డు పెట్టకుండా ఉంచితే కొందరు ట్యూబ్‌ని కొరికి, మూసుకుపోయిన దారిలోంచి బలంగా గాలి లాగి, ఊపిరితిత్తుల్లో నీరు తెచ్చుకుంటారు. బలమైన కుర్రాళ్ళలో ఇది ఎక్కువ. కండరాల సడలింపు పూర్తిగా దిగిందో లేదో కొలిచి చూపించే నర్వ్ స్టిమ్యులేటర్‌తో చూసి, వరుసగా ఇచ్చే నాలుగు ప్రేరణల్లో నాలుగో కదలికకీ మొదటిదానికీ ఉన్న నిష్పత్తి 0.9 దాటాకే తీయండి. "తల ఎత్తు బాబూ" అంటే ఎత్తినవాళ్ళలో కూడా సడలింపు మిగిలి ఉంటుంది.

మీ పెద్దాయన ఇంకా వార్డులోనే ఉంటే ఇవాళే వెళ్ళి కలవండి. పన్ను ఎందుకు కదిలిందో ఆయనకి దాచకుండా చెప్పండి, డెంటిస్టుకి మీరే రాయండి. ఆ తర్వాత రికార్డులో ఎన్ని ప్రయత్నాలు, ఏ బ్లేడ్, కార్డ్స్ ఎంతవరకు కనిపించాయి, చివరికి దేంతో పడింది, మాస్క్ తేలికా కష్టమా, ఇవి నాలుగు లైన్లలో రాసి, ఒక కాపీ ఆయన చేతికి ఇవ్వండి. మళ్ళీ ఎప్పుడైనా ఏ ఆపరేషన్‌కి వెళ్ళినా మత్తు డాక్టరుకి ఆ కాగితం ముందు చూపించమనండి.